వెనక అద్దం మీద దెబ్బ

సుశాంత్ ఈ మధ్యే కొన్న పాత కారులోకి వాననీళ్లు దిగుతున్నాయి. తెల్లారితే భార్యనీ పురిటిబిడ్డనీ అందులోనే జగ్గయ్యపేట తీసుకెళ్లాలి. అందుకే నందిగామ బైపాస్ పక్క షెడ్డులో మెకానిక్ చిన్నబాబు రాత్రిపూటే పనికి దిగాడు.

బయట ఒకరు పైపుతో నీళ్లు కొట్టాలి. లోపల టార్చితో కూర్చున్నవాడు చుక్క కనబడ్డచోట అద్దం మీద కొట్టాలి. అదీ పద్ధతి.

బయట సుశాంత్ నీళ్లు కొడుతుంటే చిన్నబాబు ముందు సీట్లో కూర్చుని చూస్తున్నాడు. ఒక్క చుక్కా కనబడలేదు. ఇంతలో నీళ్లు ఆగాయి.

"వెనక ఎడమ అద్దమేగా బాబాయ్? అంత గట్టిగా కొట్టాలా, పగిలితే నువ్వే వేయించాలి!"

చిన్నబాబు వెనక్కి తిరిగాడు. సీటు ఖాళీ.

ఆ అద్దం రబ్బరు ఊడదీస్తే చిరుగు సరిగ్గా అక్కడే ఉంది. గమ్ము పెట్టి బిగించాడు. రెండోసారి మాత్రం లోపల కూర్చోలేదు, బయటినుంచే టార్చి వేశాడు. చుక్క రాలేదు.

"ఇంక గాలి కూడా చొరబడదు. బుడ్డోణ్ణి ఆ పక్కనే పడుకోబెడతా," అన్నాడు సుశాంత్.

తలుపులన్నీ మూసే ఉన్నాయి. ఆ అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టింది. కరిగింది. మళ్లీ పట్టింది, ఎవరో మూతి ఆనించి ఊపిరి వదులుతున్నట్టు.

"తాళం ఇవ్వు బాబాయ్."

చిన్నబాబు గుప్పిట విప్పలేదు.