గోడకు ఇవతల

ఆదివారం భోజనాల బల్ల దగ్గర, కోడి సూప్ చల్లారిపోతున్నా లెక్కచేయకుండా మా అమ్మాయి బోగ్నాకి క్లాసు పీకాను. "ఇరవై ఏళ్లలో నేను ఒక్క ఆదివారం పూజ ఎగ్గొట్టలేదు. నువ్వు ఈస్టర్ నించి చర్చి మొహం చూడలేదు. కుటుంబమన్నాక అందరం వెళ్లాలి."

"నేను రావట్లేదని నీకెవరు చెప్పారు నాన్నా?"

"ఒకళ్లు చెప్పాలా? గుమ్మానికి ఎదురుగానే నిలబడి ఉంటాను. నువ్వు లోపలికి పోవడం ఒక్కనాడూ చూళ్లేదు."

నేను నిలబడేది చర్చి బయట, లిండెన్ చెట్టు కింద. మా పోలండ్ పల్లెలో మగవాళ్ల భక్తి అక్కడి వరకే. మా నాన్నా అక్కడే నిలబడేవాడు. దేవుడికీ నాకూ మధ్య అడ్డం ఒక గోడా, ఒక సిగరెట్టూ, అంతే.

బోగ్నా నా గిన్నెలో ఇంకో గరిటె వేడి సూప్ పోసింది. "పాడేవాళ్లం చర్చి వెనక మెట్ల మీంచి పైన పాటలు పాడే మేడకి వెళ్తాం నాన్నా. నేను పాడబట్టి మూడు నెలలైంది. చివరి పాట నేనొక్కదాన్నే పాడతాను. లోపలికొస్తే కనబడేదాన్ని."

చెంచా నా చేతిలోనే ఆగిపోయింది. చివరి పాట పాడే ఆ గొంతు నాకు బాగా తెలుసు, ఇప్పటిదాకా ఎవరిదో తెలియదంతే. ఇవాళ పొద్దున కూడా అది కిటికీలోంచి వినబడితే సిగరెట్ నలిపేసి, చెట్టు కింద అందరికీ వినబడేలా అన్నాను:

"ఆ పిల్ల తండ్రెవరో గానీ, వారం వారం ముందు వరసలో కూర్చునే మనిషయ్యుంటాడు. పద్ధతనేది ఇంట్లోంచే రావాలి."