చందనం పొట్లం

ప్రశాంతి సంచి లోపలి గుడ్డ నిలువునా కోసేసి ఉంది. నిమ్‌పురా రైల్వే క్వార్టర్ గుమ్మంలోనే తల్లి సింహాచలమ్మ దాన్ని పట్టుకుని శాపనార్థాలు మొదలెట్టింది.

"ఢాకా ఆసుపత్రిలో నర్సు ఉజ్జోగం, నిన్న సేరకపోతే పోద్దని తెలిసీ బోర్డర్లో ఆపేసినారా? ఆళ్ల సేతులిరిగిపోనూ! ఏటి దొరికిందంట?"

"పొడి పొట్లం. సంచి నువ్వే సర్దుకున్నావా అంటే అవునన్నాను. లోపల కుట్టేసి ఉన్న పొట్లం తీసి ఇదేటన్నారు. తెలీదన్నాను. ఇంక దొంగని సూసినట్టు సూసినారమ్మా. పరీక్ష సేసి వదిలేసరికి బస్సెలిపోనాది. ఆ ఉజ్జోగం ఇంకొకరికిచ్చేసినారు."

సింహాచలమ్మ శాపనార్థాలు ఆపి, కోసిన గుడ్డ అంచును తడిమింది. పరాయి దేశంలో పిల్లకు ఏ కీడూ తగలకూడదని, సింహాద్రి అప్పన్న చందనాన్ని చెప్పకుండా అందులో కుట్టింది తనే.

"నీ కుట్టు నాకు తెలీదేటి?" అంది ప్రశాంతి. "ఇంటికి ఫోన్ చేసి కనుక్కో, వదిలేస్తాం అని కూడా అన్నాడొక ఆఫీసరు దాదా."

"మరి సెయ్యలేదేటే? నిన్న పొద్దున్నుంచీ ఫోను ఒళ్లో ఎట్టుకునే కూకున్నాను గదే!"

"అలా కూకుంటావని తెలిసే సెయ్యలేదమ్మా. బోర్డర్లో ఆపినారని వింటే నీ పేణం ఉంటాదేటి?"