క్యాసెట్టుకెక్కని పాట

జీపులోంచి ఇద్దరు దిగారు. నిర్మలాదేవి పిలిపించింది ఒక్కరినే.

ఆ ఒక్కరు బొజ్జయ్య. వేల్పు పడిగె ముందు పాడే ముసలి పాటగాడు. చూపు దాదాపు పోయింది. దగ్గు మాత్రం వదలడం లేదు.

రెండో మనిషి ఎవరో ముసలమ్మ. చంకలో గుడ్డమూట.

“ఈమెవరు రూప్లా?” అని డ్రైవర్ని అడిగింది నిర్మల.

“ఏమో మేడం. తాత ఎక్కంగనే తనూ ఎక్కి కూసుంది. దవాఖానాకు పోతదేమో అనుకున్న.”

ఊరికే వస్తున్న జీపు కదా, ఎక్కేసి ఉంటుందిలే అనుకుంది నిర్మల. ముసలమ్మ గురించి ఆలోచించే తీరిక ఆమెకు లేదు.

తెల్లారితే భద్రాచలం గిరిజన మ్యూజియంలో ప్రదర్శన. ఆ చిన్న మ్యూజియంలో రికార్డు గది నిర్మలది. పాత ప్రదర్శనల ఫొటోలు బీరువాల నిండా ఉన్నాయి. కొమ్ములు కట్టుకుని ఆడిన ఆటలు, డోళ్లు, పడిగెలు. పడిగె అంటే కోయల ఇంటి వేల్పు కథని బొమ్మలుగా కుట్టిన పొడవాటి ఎర్రగుడ్డ. బొమ్మలకైతే కొదవలేదు. పాటే, ఒక్క క్యాసెట్టులోనూ లేదు.

ఈ పడిగె పాట వచ్చినవాడు బొజ్జయ్య ఒక్కడే మిగిలాడు. ఆయన దగ్గినప్పుడల్లా నిర్మల టేపు రికార్డరు కేసి చూస్తోంది. ఇవాళ పట్టుకోలేకపోతే ఈ పాట మళ్లీ దొరకదని ఆమె భయం.

ముసలమ్మ మూట విప్పి పడిగె తీసి ఇచ్చింది. తాత సామాను మోసుకొచ్చిందన్నమాట అనుకుంది నిర్మల. రూప్లా దాన్ని గోడకు వేలాడదీశాడు. ఆమె దానికెదురుగా నేలమీద చతికిలబడింది.

“కూసున్నవా?” అన్నాడు బొజ్జయ్య.

“ఊ” అంది ముసలమ్మ.

“కరెంటు పోకముందే మొదలుపెట్టు తాతా” అని తొందరపెట్టింది నిర్మల.

ఉన్నది ఒకే ఒక్క కొత్త క్యాసెట్టు. మీట నొక్కి ఊపిరి బిగబట్టింది.

బొజ్జయ్య గొంతెత్తాడు. అన్నీ కోయ మాటలే. నిర్మలకు అర్థమైంది కొంచెమే, అయినా ఒళ్లు జలదరించింది.

చరణం ముగిసింది.

“ఊ…” అంది ముసలమ్మ.

నిర్మల వేలు పెదాలమీద పెట్టి సైగ చేసింది. ముసలమ్మ చూపంతా పడిగె మీదే ఉంది.

ఇంకో చరణం. “ఊ… ఊ…”

నిర్మలకు ఒళ్లు మండింది. రేపు ఊరి పెద్దలందరి ముందు మోగాల్సిన పాట. మధ్యలో ఈ గోలేమిటి?

పాట సగానికి వచ్చేసరికి బొజ్జయ్యకు దగ్గు తెర అడ్డం పడింది. రూప్లా నీళ్లు తేవడానికి పరుగెత్తాడు. నిర్మల టేపు ఆపి ముసలమ్మ చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించింది.

“అవ్వా, నీ ఊకొట్టుడంతా ఇందులో పడుతోంది. కాసేపు బయట కూర్చో. టీ తెప్పిస్తాను.”

“నన్ను లెవ్వమంటున్నవా బిడ్డా?”

“కాసేపే అవ్వా.”

ముసలమ్మ గుమ్మంలోంచే పడిగెకు దండం పెట్టి జీపు వైపు నడిచింది.

నిర్మల తలుపేసింది. క్యాసెట్టు మొదటికి తిప్పింది.

“తాతా, మళ్లీ మొదట్నుంచి ఒక్కసారి. ఈసారి శుభ్రంగా వస్తుంది.”

దగ్గు తెరిపిచ్చిన బొజ్జయ్య అలసటగా తలూపి మొదలుపెట్టాడు.

ఒక చరణం పాడి ఆగాడు. చెవి అటు తిప్పాడు.

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ఇంకో చరణం పాడాడు. మళ్లీ ఆగాడు. గొంతు సన్నబడింది. మర్చిపోయాడా ఏమిటి? నిర్మల ముందుకు వంగింది.

“పాడు తాతా. బాగుంది.”

“పిల్లా, ఆమె ఏది?”

“బయట కూర్చోబెట్టాను. పాటకు అడ్డం వస్తోందని…”

బొజ్జయ్య తడుముకుంటూ లేచి పడిగె మడవడం మొదలుపెట్టాడు.

“తాతా! అదేంటి, ఇంకా పాట అవలేదు!”

“అయిపోయింది బిడ్డా. ఊకొట్టే మనిషి లేస్తే పడిగె మడవాల్నే. ఇగ జాతరకే తెరిచేది.”

“జాతరెప్పుడు?”

“మూడేండ్లకు” అని చెబుతూనే ఆయన మళ్లీ దగ్గాడు.

నిర్మలకు ఏడుపొక్కటే తక్కువ. ఏమైనా దక్కిందేమోనని క్యాసెట్టు పెట్టి చూసింది. నీరసంగా రెండు చరణాలు. వాటి మధ్య ఫ్యాను చప్పుడు. ఆ తర్వాత, తను చెరిపెయ్యకుండా మిగిలిపోయిన మొదటి పాట తునక మోగింది. ముసలమ్మ “ఊ” అంటోంది. అన్న ప్రతిసారీ బొజ్జయ్య గొంతు లేచి పరవళ్లు తొక్కుతోంది. అంతలోనే టేపు మూగబోయింది.

బంగారంలాంటి పాటని తన చేత్తోనే తుడిచేసింది నిర్మల.

బయటికి పరుగెత్తింది. “తప్పయింది అవ్వా! లోపలికి రా, నీ ఇష్టమొచ్చినట్టు ఊకొట్టు.”

“ఒక పారి లేస్తే మల్ల కూసోవద్దు బిడ్డా. జాతరకు రా, పాట ఇందువు.”

ఆ మాటలో కోపం లేదు. అదే నిర్మలకు మరీ కష్టంగా తోచింది.

రూప్లా బొజ్జయ్యను నడిపించుకొచ్చాడు. ముసలమ్మ పడిగె అందుకుని, కళ్లకద్దుకుని, మూటలో కట్టి జీపెక్కింది.

“ఆమె… మీ ఇంటావిడా తాతా?” అడిగింది నిర్మల.

“కాదు బిడ్డా” అన్నాడు బొజ్జయ్య, జీపు కడ్డీ తడుముకుంటూ. “నేను ఒట్టి పాడెటోన్ని, గా పడిగె మీది బొమ్మలన్నీ గామె తాత ముత్తాతలు, గా ఇంట్ల ఇగ మిగిలింది గామె ఒక్కతే.”