పక్క సీటు బెల్టు

"ఈ బెల్టు ఎవురి కొలతకు బిగించినారు?"

నాగవేణి అరుపు గ్రైండరు మోతను మించి వినిపించింది. వెల్డింగు కుప్పయ్య గ్రైండరు ఆపేశాడు. ఆమె మొగుడు దయానంద్ తల గోక్కున్నాడు.

కారు మాత్రం చూడముచ్చటగా ఉంది. పాతకాలపు విదేశీ రేసు కారుకు అచ్చమైన నకలు. పైకప్పు లేదు, సీట్లు రెండే. చిత్తూరులోని తన షెడ్డులోనే ఫైబరు బాడీతో తయారు చేయించుకున్నాడు దయానంద్. పెళ్ళాం మొదటిసారి ఎక్కగానే కొట్టడానికి కొబ్బరికాయ కూడా తెచ్చి పెట్టాడు. అది ఇప్పుడు అతని నెత్తినే పగిలేలా ఉంది.

నాగవేణి బక్కపలచని మనిషి. స్టీరింగు పక్కనున్న ఎడమ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటే ఒళ్ళో వదులుగా వేలాడింది. అందులో ఇద్దరు నాగవేణులు పడతారు.

"ఇది మామూలు కార్ల బెల్టు మాదిరి తనంతట తాను లోపలికి లాక్కోదక్కా," అన్నాడు కుప్పయ్య. "పైకప్పు లేని బండి గదా, మనిషి ఎగిరిపోకూడదని ఫైబరుకు గాకుండా కింద చాసిస్‌కే బిగించినా. ఒకరి కొలతకు లాగితే, ఇంకొకరు మార్చేదాకా అట్లే నిలిచిపోతాది."

"నేనడిగేదీ అదే. ఆ ఒకరు ఎవురని!"

"నాకేం తెలుసక్కా? మొన్న బిగించి ఇచ్చేసినాను. నిన్న అన్న బెల్టు గూడా పెట్టుకోకుండా తీసకపొయినాడు, అట్లే తెచ్చి పెట్టినాడు. నాకు వెల్డింగు తప్ప స్టీరింగు పట్టేది గూడా రాదు," అంటూ కుప్పయ్య మళ్ళీ గ్రైండరు చాటుకు పోయాడు.

నాగవేణి అనుమానానికి కారణం ఎదురింటి మునెమ్మ. నిన్న నగరి నుంచి చీరల మూటతో బస్సులో వస్తూ ఈ కారును చూసిందట. చూసినదాన్ని కడుపులో దాచుకునే అలవాటు మునెమ్మకు లేదు. 'కార్లో ఇద్దురుండారు నాగా. ఎర్ర చున్నీ గాలికి ఎగరతా ఉండాది. బస్సు సర్రున పొయ్యింది, మొకాలు కనపల్లా' అని చెప్పేసి, తాను మాత్రం హాయిగా పోయి పడుకుంది.

"నిన్న ఈ సీట్లో ఎవురు కూర్చున్నారు మామా?"

"ఎవురూ లేరే! ఒక్కణ్ణే పొయినాను. మునెమ్మ మాట నమ్ముతావా? ఆయమ్మ మేకను సూసి పులి అంటాది."

"మేక ఎర్ర చున్నీ ఏసుకుంటాదా? బెల్టు కొలత సూస్తే మనిషి బాగా లావుగానే ఉండాది!"

దయానంద్ కొబ్బరికాయ చేతిలోకి తీసుకుని పీచు పీకసాగాడు. నాగవేణి డోరు మీద చరిచింది.

"అట్లయితే పద, కాణిపాకం పోదాం. స్వామి ముందర ప్రమాణం చెయ్యి."

కుప్పయ్య చేతిలోని స్పానరు జారి కిందపడింది. వరసిద్ధి వినాయకుడి ముందు దొంగ ప్రమాణం చేసే మొనగాడు ఆ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు. కోర్టులో అలవోకగా బొంకినవాడికి కూడా అక్కడ నాలుక మడతపడుతుంది.

"ఏమని చెయ్యాల?" మెల్లగా అడిగాడు దయానంద్.

"ఈ సీట్లో ఏ ఆడమనిషినీ కూర్చోబెట్టలేదని."

దయానంద్ మొహం తేటపడింది. "అంతే గదా! పద."

గబగబా వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. అతని బెల్టు పొట్ట మీదికి అందలేదు. మూలుగుతూ, తిట్టుకుంటూ పట్టీలు వదులు చేసుకున్నాడు. "కొత్త బెల్టు, పట్టేసినట్టుండాది," అని గొణిగి, "నువ్వూ బిగించుకో, రోడ్డంతా గుంతలే," అన్నాడు.

"ఈ కొలతే నాకు సాక్ష్యం. ప్రమాణం అయ్యేదాకా ముట్టేది లేదు."

దారి పొడుగునా నాగవేణి రెండు చేతులతో డోరు గట్టిగా పట్టుకునే కూర్చుంది. అనుమానించింది గానీ, అది నిజమైతే ఎలా బతకాలో ఆమెకు తెలియదు. 'స్వామీ, నేనే తప్పని తేల్చు. నీ ముందు గుంజీళ్ళు తీస్తాను' అని మొక్కుకుంది.

కాణిపాకంలో దయానంద్ తలమీద నీళ్ళు పోసుకుని, తడిబట్టలతోనే స్వామి ముందు నిలబడ్డాడు. గొంతు వణకలేదు, చూపు తిప్పలేదు. ఆ సీట్లో ఏ ఆడమనిషినీ కూర్చోబెట్టలేదని ప్రమాణం చేసేశాడు.

నాగవేణికి ఏడుపు ముంచుకొచ్చింది. బంగారంలాంటి మనిషిని మునెమ్మ మాట విని ఎంత బాధపెట్టింది! చెవులు పట్టుకుని, మోకాళ్ళు నొప్పి పుట్టేదాకా గుంజీళ్ళు తీసింది.

బయటికి వచ్చేసరికి కారు చుట్టూ జనం మూగి ఉన్నారు. నాగవేణికి హుషారొచ్చింది. టెంకాయలమ్మే ఆమె చేతిలో ఫోను పెట్టి, "మా ఇద్దరికీ ఒక ఫోటో తియ్యమ్మా," అంది. స్టీరింగు ముందు దర్జాగా కూర్చుని, "నువ్వు ఈ పక్కకు రా మామా," అని పిలిచింది.

"ఎందుకులే, ఎండగా ఉండాది."

"రా అంటే!"

అందరూ చూస్తున్నారు. దయానంద్ వచ్చి ఎడమ సీట్లో కూర్చోక తప్పలేదు. నాగవేణి మురిపెంగా వంగి, తానే పట్టీలు అతని భుజాల మీదుగా వేసి బెల్టు పెట్టింది.

టక్కుమని పడింది. లాగే పని లేదు, వదులు చేసే పని లేదు. దర్జీ కొలతలు తీసి కుట్టినట్టు అతని పొట్టకు అతుక్కుపోయింది.

నాగవేణి ఆ బెల్టు వైపు చూసింది. తర్వాత తన పక్కనున్న డ్రైవరు బెల్టు వైపు చూసింది. పొద్దున దాన్ని వదులు చేసుకోలేక అతను పడ్డ అవస్థ గుర్తొచ్చింది.

"నవ్వమ్మా," అంది టెంకాయలామె.

నాగవేణి నవ్వలేదు.

"నీ ప్రమాణం నిజమేలే మామా. ఇప్పుడు చెప్పు, నిన్ను ఈ సీట్లో కూర్చోబెట్టుకొని బండి నడిపింది ఎవురు?"