ఒకే తీగ మీద ఇద్దరు

నా భార్య పేరమ్మ ఇంత తక్కువగా ఎందుకు మాట్లాడుతుందా అని ముప్పై ఏళ్లుగా నాకు సందేహం. పూజలో దేవుణ్ణి కూడా అడిగాను.

రొయ్యల గుంట గట్టున మా తమ్ముడి కూతురు సుభాషిణి ఏరేటర్లను నడిపే కంప్యూటర్ బోర్డు ఫైలులో మీటర్ల తీగ వివరాలు రాస్తోంది. తీగ మీదున్న రెండు ఆక్సిజన్ మీటర్లూ బోర్డుకి పలకడం లేదు. అవి పలకకపోతే నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు తిరగవు, రొయ్యలు చస్తాయి.

"పెద్దమ్మా, మీటర్ల నంబర్లెంత?"

"ఒకటి, రెండు," అన్నాను నేను.

"అట్లే రాసినా, పలకలే. రెండూ ఒకే నంబరుతో ఉండాయేమో. ఒకే తీగ మీద ఇద్దరూ ఒకేసారి బదులిస్తే బోర్డుకి ఏమీ అర్థం కాదు."

నేను నోరు తెరిచాను.

"నేనడిగింది పెద్దమ్మని, పెదనాయనా."

"రెండూ ఒకటో నంబరుతోనే వచ్చినాయి," అంది పేరమ్మ. "తూరుపు మీటరుకి నంబరు మార్చుకోమన్నాడు బిగించినాయన. ఆపొద్దు నేను చెప్పబోతే మీ పెదనాయన మాట్లాడతా ఉండె."

నంబరు మార్చగానే ఏరేటర్లు తిరిగాయి.

"నువ్వింకా ఏమన్నా చెప్పాల్నా?" అన్నాను పేరమ్మతో.

ఆమె గట్టు మీద కూర్చుని మొదలుపెట్టింది. ఇన్నేళ్లుగా ఆమెకు బాకీ పడ్డ మాటల వంతును మధ్యాహ్నందాకా నోరు మూసుకుని తీర్చాను.