ఏడడుగుల మొగుడు

గోతిలో పడుకోబెట్టిన కొయ్యబొమ్మ ఏడడుగులుంది. రోమ్ గెలిస్తే సిపాయి వొలేరో ప్రాణం మీదేనని సేనాపతి యుద్ధభూమిలో పాతాళ దేవతలకు మొక్కుకున్నాడు. రోమ్ గెలిచింది. సేనాపతి తలకు ఆకుల కిరీటం పెట్టారు.

"మీ ఆయన ఇంత పొడుగెప్పుడయ్యాడే ఒప్పియా?" అంది పక్కింటి ముసలమ్మ.

"దేవుళ్లకిచ్చాక పెరిగాడేమోలే అత్తా," అంది వొలేరో భార్య.

"చాల్లే, వీరుడి పెళ్లానివి. పిడికెడు మట్టెయ్యి."

ఒప్పియా మట్టి తీసుకుంది.

"ఒసేయ్, ఆకలేస్తోందే," అన్న మాట జనం వెనక నుంచి వినబడింది. గొంతు వొలేరోది. ఊరంతా విన్నది. ఎవరూ తల తిప్పలేదు.

యుద్ధంలో చచ్చిపోయుంటే బొమ్మతో పనే లేదు. మొక్కు కింద పోవాల్సినవాడు బతికి తిరిగొస్తేనే అతనికి బదులు బొమ్మను పాతిపెట్టాలి. ఆపైన అతను చచ్చినవాడి కిందే లెక్క. ఎవరూ తలుపు తీయకూడదు, పలకరించకూడదు.

సమాధి దగ్గర కూడు పెట్టి, పోయినవాళ్లతో మాట్లాడుకోవడానికి మాత్రం ఎవరి అడ్డూ లేదు.

ఒప్పియా మట్టి జారవిడిచి గోతిలోకి వంగింది.

"నీ వంతు అంబలి రోజూ పొద్దున్నే ఇక్కడ పెడతాను మావా," అంది బొమ్మతో, వెనకదాకా వినబడేలా. "చల్లారకముందే తిను."