పక్క స్టాపు దాకా

“మళ్ళీ వచ్చినావా అవ్వా?”

కండక్టరు ముత్తప్ప నవ్వుతూ ఉచిత టికెట్టు చించి ముసలామె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని మడిచి కొంగున కట్టుకుంది. పక్క స్టాపులో మెల్లగా దిగింది.

మెట్ల దగ్గర నిలబడ్డ పుష్పావతి గడియారం చూసుకుంది.

ఎక్కడానికి ఒక నిమిషం, దిగడానికి ఇంకొకటి. దిగి నడిచి వెనక్కి రావడం, వచ్చిన బస్సల్లా మళ్ళీ ఎక్కడం. రెండు నెలలుగా ఇదే వరస.

హోసూరు అంచున, కొత్తిమీర కట్టకు కూడా బైకు తీసే లేఅవుటది. పుష్పావతికి బండి లేదు. ఏడు గంటల షిఫ్టుకు ఈ బస్సే దిక్కు. బస్సు లోపలికి రాని రోజుల్లో పావుగంట నడిచి కృష్ణగిరి హైవే దాటేవాళ్ళట. అలా దాటుతూనే అముద అనే అమ్మాయి లారీ కింద పడింది. ఆ తరువాతే బస్సు లోపలికి వచ్చింది. స్టాపులోని సిమెంటు బల్ల మీద అముద పేరుంది.

ఆ రోజు మంచు. బస్సు ఆలస్యం. ఇంకోసారి లేటయితే గేటు దగ్గరి నుంచే వెనక్కి పంపుతానన్నాడు సూపర్‌వైజరు.

ముసలామె కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కుతోంది.

“యాడికి పోవాల అవ్వా నువ్వు?”

“యాడికీ లేదు పాపా.”

“ఫ్రీ అని ఊరేగుతా ఉండావా? నువ్వెక్కి దిగేలోపు నా షిఫ్టు పోతాది!”

ఎవరో కిసుక్కున నవ్వారు. ముత్తప్ప కూడా.

“నీకు లేటవతా ఉందా? తెలియలేదమ్మా,” అంది ముసలామె.

మరుసటి రోజు ఆమె రాలేదు. బస్సు సమయానికి చేరింది. పుష్పావతికి హాయిగా ఉండాల్సింది. ఎందుకో లేదు.

నెల తిరిగింది.

“రేపట్నుంచి బస్సు ఈడికి రాదమ్మా. హైవే మీదనే ఎక్కాల,” అన్నాడు ముత్తప్ప, స్టాపులో బస్సు ఆగగానే.

“ఎందుకన్నా?”

“ఈ స్టాపులో చాలినన్ని టికెట్లు పడలేదని డిపోలో ఆపేసినారు. ఇన్నాళ్ళూ అవ్వే గట్టెక్కించింది. ఉచితమైనా టికెట్టు టికెట్టే గదా.”

పుష్పావతి తన చేతిలోని టికెట్టు చూసుకుంది.

“నాకూ నిన్ననే తెలిసింది. డిపో గేటు కాడ నిలబడి బతిమాలతా ఉండింది. ‘నేనెక్కితే పనికి పోయే పిల్లలకు లేటవతాదని మానేసినా, ఇంకో నెల చూడండప్పా’ అని.”

“నేను పోయి పిలుచుకొస్తా. యాడుంటాది?”

“అత్తిముగం. పిలిచి ఏం లాభం? ఆర్డరు వచ్చేసింది.”

“అంత దూరం నుంచా! ఈడ ఆమెకెవరున్నారన్నా?”

“ఇప్పుడెవరూ లేరమ్మా,” అన్నాడు ముత్తప్ప, సిమెంటు బల్ల మీది పేరు వైపు చూస్తూ. “కూతురొకటే ఉండె.”